పరువునకు అంకె
పూర్వము అప్పిచ్చువాడు ఆసామి పరువును ఊరివారి నడిగి తెలిసికొనెడివాడు. నేడు 2005 సంవత్సరపు చట్టమునకు లోబడిన నాలుగు సంస్థలు దానిని 300 మొదలు 900 వఱకు గల అంకెలతో కొలుచుచున్నవి. సిబిల్ స్కోరని జనులనునది ఇదియే. వాయిదా తప్పిన అంకె తగ్గుట అందఱెఱిగినదే. మొగమాటమునకు జామీను నిలిచిన అప్పు చెల్లకున్నను మన చిట్టాకు మచ్చ వచ్చుననుట పలువురెఱుగరు. తీర్చిన బాకీయు ఒక్కొక్కప్పుడు తీరనట్లే నిలిచియుండును! ప్రతి సంస్థయు ఏటేట నొకమారు పూర్తి నివేదికను ఉచితముగా నొసగవలెనని రిజర్వు బ్యాంకు 2016లో శాసించినది. ఫిర్యాదు చేసిన 30 దినములలో తప్పు దిద్దకున్నచో, 2024 ఏప్రిల్ మొదలు, దినమునకు 100 రూపాయల పరిహారమును గలదు. శిస్తు రసీదులను భద్రపఱచు గృహస్థులు ఈ నివేదికను మాత్రమేల చూడరో తెలియకున్నది. అప్పు తీరిన దినముననే బాకీలేని పత్రమును బ్యాంకునుండి గైకొనవలెను, ఫిర్యాదునకు ఆధారమదియే.