వీడ్కోలునాటి మాట

బెంగుళూరులో రెసిడెన్సీ రోడ్డునకు ఫీల్డు మార్షలు కరియప్ప పేరును, రిచ్మండు రోడ్డునకు జనరల్ తిమ్మయ్య పేరును పెట్టబడినవి. జనులు మాత్రము పాత పేర్లనే పలుకుదురు. ఉద్యోగములకై ఈ రాజధానికి వచ్చి స్థిరపడిన మనవారు అనుదినమును ఆ వీధులమీదుగా పోవుచునే యుందురు. ఆ యిరువురు కొడగు వీరులును రణరంగమున గడించిన కీర్తి యెల్లరెరిగినదే. వారికి మరియొక సామ్యము గలదు. నోరు విప్పుటనుగూర్చి ఇరువురును ప్రభుత్వముతో చిక్కులు పడినవారే.

1949 జనవరి 15న భారత సేనకు ప్రథమ భారతీయ సర్వసేనానియైన కరియప్ప, సభలయందును పత్రికా ప్రతినిధుల యెదుటను ధారాళముగ మాటలాడుచుండెను. ఆ ధోరణిని తగ్గించుకొనుమని 1952లో ప్రధాని నెహ్రూ ఆయనకు వ్రాసి హెచ్చరించెను. 1953 జనవరిలో కరియప్ప పదవి విరమించెను. తరువాత 1971లో లోకసభకు పోటీచేసి ఓడిపోయెను. యూనిఫారముతో నున్నపుడు లేని స్వేచ్ఛ, దానిని విప్పిన పిదప ఆయనకు లభించినది. ఆ ఓటమియు ఆ స్వేచ్ఛలోని భాగమే.

తిమ్మయ్య కథ ఇంతకంటె గంభీరమైనది. రక్షణమంత్రి కృష్ణమీనన్‌తో పొసగక 1959 ఆగస్టు 31న ఆయన రాజీనామా యిచ్చెను. నెహ్రూ మాటపై దానిని ఉపసంహరించుకొనెను. అయినను సెప్టెంబరు 2న పార్లమెంటులో ప్రధాని ఆయన చర్యనే తప్పుపట్టెను. సేనాధిపతికి ఆ సభలో బదులు చెప్పు వీలు లేదు. ఆయన మౌనము వహించెను. 1961 మేలో పదవి విరమించు వేళ, తన సైనికులను చీనా ఫిరంగులకు ఆహుతిగా విడిచి పోవుట లేదని ఆశించుచున్నాననియు, దేవుడు వారిని చల్లగ చూచుగాకయనియు ఆయన పలికినట్లు ప్రసిద్ధి. ఏడాదిన్నర తిరుగకమునుపే, 1962 అక్టోబరు 20న, చీనా సేనలు మన సరిహద్దుపై విరుచుకుపడినవి.

ఆ మాట వీడ్కోలు వేదికకు తగినదా? తగదనువారి వాదమున బలము లేకపోలేదు. మన రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులకు వాక్స్వాతంత్ర్యము నొసగుచు, 33వ అధికరణమున సైనికుల విషయమున ఆ హక్కును శాసనముచే పరిమితము చేయుటకు పార్లమెంటునకు అధికార మిచ్చినది. 1950 నాటి సైనిక చట్టమును, 1954 నాటి సైనిక నియమావళియు ఆ యధికారమునకు ఆచరణ రూపములు. రాజకీయములనుగూర్చి గాని సేనావ్యవహారములనుగూర్చి గాని, ముందుగా అనుమతి లేనిదే సేనలోనివాడు పత్రికలకు వ్రాయరాదు, ఉపన్యసింపరాదు. తుపాకి చేతనున్నవాడు రాజకీయములు పలుకుట మొదలిడినచో ఏమగునో పొరుగు దేశములను చూచి నేర్చితిమి. ఈ కట్టుబాటును మేము నిందింపము.

కాని పదవీ విరమణ వేడుక గడపమీద నిలిచినట్టిది. నేటివరకు సైనికుడు, రేపటినుండి పౌరుడు. ఆ వేదిక ప్రభుత్వముదా, సెలవు తీసికొనువానిదా? ఈ ప్రశ్న మనకు మాత్రమే పరిమితము కాదు. 2016 ఏప్రిల్‌లో అమెరికాలోని ట్రావిస్ వైమానిక స్థావరమున ఒక సైనికుని వీడ్కోలు సభ జరిగెను. జాతీయ పతాకమును మడచునపుడు పలుకు మాటలను చెప్పుటకై ఆతడు పిలిచిన మాజీ సైనికుని, యూనిఫారములోనివారు పట్టి బయటకు ఈడ్చివైచిరి. ఆ మాటలలో దైవ ప్రసక్తి యున్నది. ఆ పిమ్మట విచారణ జరిగి, విరమణ వేడుకలలో మతసంబంధమైన పాఠమును సైతము వాడుకొనవచ్చునని అచటి వైమానికదళము అదే యేట ప్రకటించినది. తిమ్మయ్య మాట యుద్ధమునుగూర్చినది, ఇది దైవమునుగూర్చినది. వేదిక యెవరిదను ప్రశ్న మాత్రము రెంటికిని ఒక్కటే.

మా యభిప్రాయమున దీనికి మధ్యమార్గము గలదు. ఆజ్ఞచే కవాతు మైదానమున నిలిచినవారు ఇష్టమున్నను లేకున్నను వినవలసినవారు. కావున అచట నియమిత వాక్యములే యుండదగును. మిత్రులు స్వేచ్ఛతో కూడిన విందులోనన్ననో, విరమించువాని కృతజ్ఞత, వాని దైవము, వాని వేదన వాని సొత్తు. సేనారహస్యములకు 1923 నాటి అధికార రహస్యముల చట్టము కాపలా యుండనే యున్నది. ఏది తగును, ఏది తగదను నిర్ణయము ముందుగా వ్రాతమూలకముగ తెలుపవలెను. సభామధ్యమున చేయిచేసికొనుట ఏ దళమునకును శోభ కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. కటువైన సత్యము కడపటి దినమువరకు వేచియుండెనన్నచో, అంతకుముందు గదులలో దానిని విను చెవులు లేకుండెననుటకు అదియే సాక్ష్యము. హలసూరు చెరువునకు చేరువనున్న మద్రాసు ఇంజనీర్ల కేంద్రమున శిక్షణ పొంది సరిహద్దులకు పోవు పడుచువారిలో మన తెలుగు బిడ్డలును గలరు. సేనాని సందేహము సకాలమున మంత్రి చెవిన పడుటయో పడకుండుటయో, వారికి ప్రాణముతో కూడిన విషయము. సర్కారు కొలువులలోనున్న మన పాఠకులకును ఈ నీతి వర్తించును. వారి నాలుకకును ప్రవర్తనా నియమములు గలవు గదా. పూలదండ వేసిన దినమున వినబడు నిష్ఠురమునకు కోపించుటకంటె, దండ వేయకముందే ఆ మాట నడిగి తెలిసికొనుట పాలకులకు శ్రేయస్కరము.