మీకు తెలుసా? కాలేజీ మానేసిన రోజు వేరు, లెక్కలోకి వచ్చే రోజు వేరు

2019లో దసరాకు ముందు మా బాబాయి కూతురు పచ్చకామెర్లతో ఇంటికొచ్చేసింది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీఎస్సీ మొదటి సెమిస్టరు చదువుతోంది అప్పుడు. బాబాయి హెచ్‌వోడీకి ఫోన్ చేస్తే ఆయన "ముందు పిల్ల ఆరోగ్యం చూసుకోండి" అన్నాడు. మంచి మాటే. ఇంక చెప్పాల్సింది చెప్పేశాం అనుకున్నారు ఇంట్లో. సంక్రాంతి వెళ్ళాక పిల్ల ఇక అక్కడికి వెళ్ళనని తేల్చేసింది. ఫీజు సంగతి అడగడానికి బాబాయితో నేనూ వెళ్ళాను. కౌంటర్లో ఉన్నతను ఫైలు తిరగేసి, "మానేసినట్టు మా దగ్గర కాగితం లేదు సార్. ఇవ్వాళ రాసిస్తే ఇవ్వాళ్టి నుంచే లెక్క" అన్నాడు.

ఆ లెక్క యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉంది. సీటు వదులుకుంటే ఎంత తిరిగివ్వాలన్నది తరగతులు మొదలైన రోజును బట్టి కాదు, మనం చేరిన రోజును బట్టీ కాదు. అడ్మిషన్లకు ఆ సంస్థ ప్రకటించిన చివరి తేదీని బట్టి. దానికి 15 రోజులు, అంతకన్నా ముందే వదిలితే ఫీజు మొత్తం (ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5 వేలకు మించకుండా పట్టుకోవచ్చు). చివరి తేదీ 15 రోజుల లోపలికి వచ్చాక 90 శాతం. చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం. ఆ తర్వాత 30వ రోజు దాకా సగం. 31వ రోజున సున్నా.

మా పిల్ల విషయంలో చివరి తేదీ సెప్టెంబరు 10. ఆమె బస్సెక్కింది 29న, అంటే 19వ రోజు. ఆ వారంలో ఎవరైనా నాలుగు వాక్యాలు రాసి ఆఫీసులో ఇచ్చి ఉంటే సెమిస్టరు ఫీజు 40 వేలలో 20 వేలు వెనక్కి వచ్చేవి. ఫోన్లో చెప్పిన మాటకు తేదీ లేదు. జనవరిలో రాసిన దరఖాస్తుకు ఉన్న తేదీతో ఒక్క రూపాయి రాలేదు. జ్వరంతో పడి ఉన్న పిల్ల పక్కన కూర్చున్నప్పుడు దరఖాస్తు ఎవరికి గుర్తొస్తుంది? అందుకే ఇది ముందే తెలిసి ఉండాలి.

కౌన్సెలింగ్‌లు ఆలస్యంగా ముగుస్తున్న సంవత్సరాల్లో యూజీసీ గడువును సడలిస్తోందని చాలామందికి తెలియదు. 2024-25లో సెప్టెంబరు 30 దాకా వదులుకున్నవారికి మొత్తం ఫీజు, అక్టోబరు 31 దాకా అయితే వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకుండా తిరిగివ్వమంది. కాబట్టి పాత లెక్క పట్టుకుని నిరాశపడక, ఆ ఏడాది సర్క్యులర్ చూడండి.

మరి కాషన్ డిపాజిట్? అది ఫీజు కాదు. ఏ రోజు మానేసినా పూర్తిగా మీదే. అడ్మిషన్ నాటి రసీదు బయటికి తీసి ఒక్కో వరసా చదవండి. ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజుల కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది ఆ అంకె. మా బాబాయి రసీదులో 5 వేలు. నెలల తరబడి ఆ కాగితం బీరువాలోనే ఉంది, ఆ వరస ఎవరూ చూడలేదు.

"మీ సీటు ఖాళీ అయింది కాబట్టి మిగతా మూడేళ్ళ ఫీజు కడితేనే టీసీ, ఒరిజినల్స్" అనే మాట మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ళను ఏడిపించిందో! ఇంజనీరింగ్ వంటి సాంకేతిక కోర్సులకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) నిబంధన సూటిగా ఉంది: అడ్మిషన్ ఎప్పుడు రద్దు చేసుకున్నా తర్వాతి సంవత్సరాల ఫీజు అడగకూడదు. ఖాళీ అయిన సీటు నిండకపోయినా సెక్యూరిటీ డిపాజిట్, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయాలి. అసలు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవడమే తప్పని యూజీసీ కూడా చెప్పింది. అయితే 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు, ఒకసారికి ఒక సెమిస్టరు లేదా ఒక సంవత్సరం ఫీజే వసూలు చేయాలంటూనే, మధ్యలో వెళ్ళిపోతాడన్న అనుమానం ఉంటే బాండు గానీ బ్యాంకు గ్యారంటీ గానీ అడగవచ్చంది. చేరిన రోజు హడావుడిలో సంతకాలు పెట్టిన కాగితాల్లో అలాంటిదేమైనా ఉందేమో చూసుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్న పిల్లలకు ఇంకో చిక్కు. ఆ పథకానికి 75 శాతం హాజరు ఉండాలి. మధ్యలో మానేస్తే ప్రభుత్వం నుంచి రాని డబ్బు కోసం కాలేజీ ఇంటివైపే చూస్తుంది. "మాకు ఫీజే లేదు కదా" అనుకున్న కుటుంబం మీద ఆ బాకీ పడుతుంది.

వీలుంటే సెమిస్టరు పరీక్షలు రాసి మానేయడం మేలు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో చేరిన సంస్థల్లో పాసైన పేపర్ల క్రెడిట్లు ఏడేళ్ళ దాకా చెల్లుతాయి, మరోచోట చేరినప్పుడు వాడుకోవచ్చు. పరీక్ష రాయని సెమిస్టరుకు ఫీజు కట్టినట్టు రసీదు మాత్రమే మిగులుతుంది.

విద్యారుణం సంగతి. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది దాకా వాయిదాలు కట్టనక్కర్లేదన్న వెసులుబాటు చదువు సాగుతుందనే నమ్మకం మీద ఇచ్చింది. చదువే ఆగితే బ్యాంకు ఈఎంఐలు ముందే మొదలుపెట్టమనవచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ వడ్డీ రాయితీది. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు, అర్హమైన కోర్సుల్లో, ఆ వెసులుబాటు కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచి ఉంది. చదువు మధ్యలో మానేసినవారికి అది వర్తించదు. ఒక్క మినహాయింపు: అనారోగ్యం వల్ల మానేస్తే. ఆ సంగతి విద్యాసంస్థ అధిపతి ఒప్పుకునేలా వైద్య పత్రాలు చూపించాలి.

మా పిల్ల చదువుకూ రుణం ఉంది. ఈ మినహాయింపు మాకు తెలిసింది బ్యాంకు మేనేజరు చెబితేనే. మళ్ళీ యూనివర్సిటీకి వెళ్ళాం. ఈసారి బాబాయి చేతి సంచిలో ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ తేదీల వరసలో ఉన్నాయి. దరఖాస్తు రెండు కాపీలు రాసుకెళ్ళాం. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద 'రిసీవ్డ్' ముద్ర, సంతకం, తేదీ పడేదాకా బాబాయి కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు.