చేత్తో తిప్పే లెన్సులు.. కళ్లు తిప్పుకోనివ్వని రికార్డులు

బరువులో మొనగాడు ఎవరు? కెనన్ 1960ల్లో తయారుచేసిన 5200 మి.మీ. మిర్రర్ లెన్సు. అక్షరాలా 100 కిలోలు! 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే. 30 నుంచి 52 కిలోమీటర్ల అవతల ఉన్నవాటిని ఫొటో తీయడానికి దీన్ని తయారుచేశారు. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద నిలబెడితే గుంటూరు దీనికి పక్కిల్లే. దగ్గరివాళ్లను మాత్రం పట్టించుకోదు. మనిషి కనీసం 120 మీటర్ల దూరం వెళ్లి నిలబడితేనే ఫోకస్ కుదురుతుంది.

పిట్ట కొంచెం, కూత ఘనం అనదగ్గది సోవియట్ యూనియన్‌లో పుట్టిన ఇండస్టార్-50-2. బరువు 70 గ్రాములు. కెమెరాకు బిగిస్తే బయటికి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. కెనన్ మహాకాయాన్ని తూచాలంటే అవతలి తక్కెడలో ఇలాంటివి 1,428 వేయాలి! లోపల ఉన్నవి నాలుగే గాజు కటకాలు. 1902లో జర్మనీలోని కార్ల్ జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ గీసిన టెస్సార్ నమూనా ఇది. ఆ టెస్సార్‌ను జైస్ 'కెమెరాకు డేగకన్ను' అని ప్రచారం చేసుకుంది. జేబులో పట్టే డేగకన్ను కావాలంటే ఇండస్టార్‌ను మించింది లేదు.

బరువు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2006లో జర్మనీలోని కొలోన్ ఫొటోకినా ప్రదర్శనలో జైస్ ఒక 1700 మి.మీ. ఎఫ్/4 లెన్సు చూపించింది. 256 కిలోలు! కతార్ దేశస్థుడొకరు పురమాయించి చేయించుకున్నది. అంత గాజును వేళ్లతో కదపడం కుదిరే పని కాదు, ఫోకస్ కోసం మోటార్లు పెట్టారు. మన పోటీ చేత్తో తిప్పేవాటి మధ్య. అందుకే కిరీటం కెనన్‌కే!

ధరలో రారాజు లైకా అపో-టెలిట్-ఆర్ 1600 మి.మీ. కతార్‌కే చెందిన షేక్ సౌద్ అల్ థానీ ప్రత్యేకంగా చేయించుకున్నారు. పొడవు 1.2 మీటర్లు, బరువు 60 కిలోలు, ఖరీదు 20,64,500 డాలర్లు. ఒక్క లెన్సుకు!

ఆ రికార్డూ చిన్నబోయే వేలం ఒకటుంది. 2022 జూన్‌లో జర్మనీలోని వెట్జ్‌లార్‌లో లైకా జీరో సిరీస్ 105వ నంబరు కెమెరా 1.44 కోట్ల యూరోలు పలికింది. లైకా సృష్టికర్త ఆస్కార్ బార్నాక్ సొంతంగా వాడుకున్న కెమెరా అది. దాని లెన్సు 50 మి.మీ. ఎఫ్/3.5. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ అందులో లేదు. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కంటితో అంచనా వేసి, ఆ అంకె దగ్గరికి రింగ్ తిప్పడమే. ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన కెమెరా, ఫోకస్ మాత్రం కంటి అంచనా!

వెనక ఉన్నదాన్ని కూడా చూసే లెన్సుంటుందా? ఉంది. నికాన్ 6 మి.మీ. ఎఫ్/2.8 ఫిష్ ఐ. 1970లో లోకానికి చూపించారు. దీని చూపు 220 డిగ్రీలు. ఎదురుగా ఉన్న సగం ప్రపంచం 180 డిగ్రీలే, ఇది అటు 20, ఇటు 20 డిగ్రీలు తన వీపు వెనక్కీ చూస్తుంది. బరువు 5.2 కిలోలు, ముందు వైపు వ్యాసం 236 మి.మీ. ఫొటో తీసేవాడు కాళ్లు, వేళ్లు ఫ్రేములోకి రాకుండా చూసుకోవడమే పెద్ద పని. ఇదే కంపెనీ 13 మి.మీ. ఎఫ్/5.6 లెన్సు 118 డిగ్రీలే చూస్తుంది గానీ, గోడ అంచును గోడ అంచులాగే నిటారుగా ఉంచుతుంది. నన్నడిగితే అసలైన ఘనత దీనిదే. గీతలు వంచి వెడల్పు చూపించడం కన్నా, వంచకుండా చూపించడం ఎన్నో రెట్లు కష్టం.

చీకటిని జయించిన వీరుడి గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. కార్ల్ జైస్ ప్లానార్ 50 మి.మీ. ఎఫ్/0.7. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లోపలికి వచ్చే వెలుగు అంత ఎక్కువ. ఎఫ్/1.4 లెన్సే చీకట్లో దిట్ట అనుకుంటాం, దానికి ఇది 4 రెట్లు! ఇండస్టార్‌కు 25 రెట్లు! 1966లో ఎర్హార్డ్ గ్లాట్జెల్ రూపకల్పన చేశారు. తయారైనవి 10 మాత్రమే. అందులో 6 చందమామ ఫొటోల కోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు వెళ్లాయి. ఒకటి జైస్ దగ్గరే ఉండిపోయింది. మిగిలిన 3 సినిమా దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ కొనేశారు. ఎందుకు? 1975లో విడుదలైన 'బ్యారీ లిండన్'లో 18వ శతాబ్దపు గదుల్ని కొవ్వొత్తుల వెలుగులోనే తీయాలని ఆయన పట్టు. ఒక్కో కొవ్వొత్తికి మూడేసి వత్తులు పెట్టించారు. లెన్సు వెనక భాగం ఫిల్ముకు మిల్లీమీటర్ల దూరం దాకా వెళ్లాల్సి రావడంతో కెమెరానే కోసి మార్చారు. అసలు చిక్కు ఫోకస్. ఇంత వెలుగు తాగే లెన్సుకు స్పష్టంగా కనిపించే లోతు అతి తక్కువ. నటుడు ముందుకు కాస్త వాలినా మొహం మసకబారుతుంది. ఫోకస్ చూసే డగ్ మిల్సమ్ పక్కవాటుగా, 90 డిగ్రీల కోణంలో ఒక వీడియో కెమెరా పెట్టించుకుని, తెరమీద గళ్లలో నటుడు ఎంత కదిలాడో చూస్తూ రింగ్ తిప్పారు. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్‌కు ఆస్కార్ వచ్చింది. ఆ దృశ్యాల వెనక రింగ్ మీద తిరిగిన వేళ్లకూ అందులో వాటా ఉందని మా లెన్సు పిచ్చివాళ్లందరి నమ్మకం.

ఇప్పుడు కొనగలిగే వాటిలో ఈ వంశాంకురం జపాన్ కంపెనీ కొసీనా 2020లో తెచ్చిన సూపర్ నోక్టన్ 29 మి.మీ. ఎఫ్/0.8. ఆటోఫోకస్ ఏలుతున్న రోజుల్లో పుట్టినా, ఇదీ చేత్తో తిప్పేదే.

పెద్దల్లో పెద్ద ఎవరు? 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వల్ లెక్కగట్టిన పోర్ట్రెయిట్ లెన్సు. అంతకు ముందు వాడుతున్న లెన్సు కన్నా దాదాపు 20 రెట్లు వెలుగు పట్టింది. మనుషులు నిమిషాల తరబడి బిగుసుకుని కూర్చునే బాధ తప్పింది. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. లెక్కలు చేసింది ఎవరు? ఆస్ట్రియా ఫిరంగి దళంలో గణితం వచ్చిన సైనికులు! లెన్సు తయారుచేసిన ఫోక్ట్‌లెండర్ కంపెనీ ఇంకా పెద్దది. 1756లో మొదలైంది, అంటే ఫొటోగ్రఫీ లోకానికి తెలిసిన 1839 కన్నా 83 ఏళ్ల ముందు! పెట్జ్‌వల్ నమూనా 2013లో ఇత్తడి ఒంటితో మళ్లీ పుట్టింది. కొత్తదాని కోసం ఔత్సాహికులు ముందుగానే 10 లక్షల డాలర్లకు పైగా చందాలు వేసుకున్నారు. 173 ఏళ్ల తర్వాత ఈ ఆదరణ ఇంకే లెన్సుకు దక్కింది? ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) లాంటి మహామహులు నల్లగుడ్డ కింద తల దూర్చి, గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూస్తూ ఫోకస్ చేసిన కాలం ఆ పాత పెట్జ్‌వల్‌ది.

ఇక అందరికీ అందే ఛాంపియన్. హీలియోస్-44, 58 మి.మీ. ఎఫ్/2. 1958 నుంచి మాస్కో దగ్గరి క్రాస్నొగోర్స్క్‌లో, తర్వాత ఇతర సోవియట్ ఫ్యాక్టరీల్లో లక్షల సంఖ్యలో తయారై, జెనిత్ కెమెరాలతో పాటు దేశదేశాలు తిరిగింది. ఇది జర్మన్ బయోటార్‌కు నకలు. అయితేనేం, అసలును మించి పేరు తెచ్చుకుంది. మా ఫొటో మిత్రుల సంచుల్లో హీలియోస్ లేనిది వెతికినా దొరకదు. కారణం ఆ సుడి! మనిషిని మీటరున్నర దూరంలో నిలబెట్టండి. వెనక నాలుగైదు మీటర్ల అవతల, ఎండ చుక్కలు చుక్కలుగా దిగుతున్న వేపచెట్టు ఉండాలి. అపర్చర్ పూర్తిగా తెరిచి, రింగ్‌ను మెల్లగా తిప్పండి. కనురెప్ప వెంట్రుకలు స్పష్టంగా తేలిన క్షణంలో వెనకున్న వేపాకులన్నీ గిర్రున సుడి తిరుగుతాయి. మాయ కాదు, గొట్టం గొడవ. అంచుల వైపు వెళ్లే వెలుగును లెన్సు గొట్టం కొంత కోసేస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన వెలుగు చుక్కలు కోలగా మారి, మధ్యబిందువు చుట్టూ వరస కడతాయి. కొత్త లెన్సుల ఇంజినీర్లు చెరిపేయడానికి తంటాలు పడిన లోపం ఇదే. ఆదివారం పొద్దున మావాళ్లు ఒకరి లెన్సు ఒకరు మార్చుకుని మరీ దీనికోసం పోటీ పడతారు.

బుడగల రాణి మేయర్ గోర్లిట్జ్ ట్రయోప్లాన్ 100 మి.మీ. ఎఫ్/2.8. కటకాలు మూడే. వెలుగు చుక్క అంచును మధ్యభాగం కన్నా మెరిపించి, సబ్బు బుడగలా మారుస్తుంది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజుల మీద అద్దం ముక్కలుంటాయి కదా, సాయంత్రం దుకాణాల్లో లైట్లు పడ్డాక వాటికి గురిపెడితే ఫ్రేమంతా బుడగలే. ఈ సరదాకు దీన్ని మించిన లెన్సు ఇంకోటి ఉందని నేననుకోను.

ఆకుల లెక్కలో మేటి సోవియట్ టైర్-11. అపర్చర్‌ను మూసే పల్చటి లోహపు రేకులు హీలియోస్-44-2లో 8, ట్రయోప్లాన్‌లో 15. టైర్-11లో ఏకంగా 20! ఎంత మూసినా రంధ్రం పున్నమి చంద్రుడే.

ఆయుష్షులో ఎదురులేనివి థోరియం కలిపిన లెన్సులు. కాంతిని బాగా వంచాలి, రంగులు మాత్రం చెదరకూడదు. ఆ రెండూ సాధించడానికి కొన్ని గాజుల్లో థోరియం ఆక్సైడ్ కలిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి ఫొటోలు తీసిన కొడాక్ ఏరో-ఎక్టార్, తర్వాత పెంటాక్స్ వారి ఏడు కటకాల సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 ఆ కోవలోవే. థోరియం సగానికి తగ్గడానికి పట్టే కాలం 1,405 కోట్ల ఏళ్లు. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు! కెమెరాకు తగిలించి వాడుకుంటే భయపడేంత రేడియేషన్ ఏమీ ఉండదు. గాజును అరగదీయడం, పొడి చేయడం మాత్రం వద్దు. ఏళ్లు గడిచేకొద్దీ గాజు పసుపెక్కుతుంది. మందు? ఎండ! కిటికీలో కొన్ని వారాలు ఎండ తగలనిస్తే పసుపు విరిగిపోతుంది. అన్నట్టు, మన భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల ఇసుకలోని మోనజైట్‌లో ఉండేదీ ఈ థోరియమే.

దూరప్రయాణంలో అన్నిటినీ ఓడించింది జైస్ బయోగాన్ 60 మి.మీ. ఎఫ్/5.6. 1969 జులైలో అపోలో-11తో చందమామ మీదికి వెళ్లింది, తిరిగి రాలేదు. భూమికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో అక్కడే ఉంది. వ్యోమగాముల చేతులకు లావుపాటి తొడుగులు, ఛాతీ మీద బిగించిన హాసెల్‌బ్లాడ్ కెమెరా, చూసి తీయడానికి కిటికీ కూడా లేదు. దూరం అంచనా వేయడం, తిప్పడం, నొక్కడం! మానవ చరిత్రలో అత్యంత ప్రసిద్ధ ఫొటోల్లో కొన్ని అలా తీసినవే. అంతకు ఐదేళ్ల ముందు రేంజర్-7 నౌక ఫ్రెంచి ఆంజెనియూ 25 మి.మీ. ఎఫ్/0.95 లెన్సులతో చంద్రుడి మీదికి దూసుకెళ్లింది. చివరి 17 నిమిషాల్లో దాని కెమెరాలు పంపిన ఫొటోలు 4,308. తర్వాత ఢీకొట్టి ముక్కలైంది.

చిన్న దేశం, పెద్ద ఘనత: లీక్టెన్‌స్టైన్. వైశాల్యం 160 చదరపు కిలోమీటర్లు. దాని రాజధాని వాదూజ్‌లో హైన్జ్ కిల్‌ఫిట్ 1955లో 35 మి.మీ. కెమెరాలకు తొలి మాక్రో లెన్సు మాక్రో-కిలార్ తెచ్చారు. చీమను చీమంత సైజులోనే ఫిల్ము మీద దించింది.

అతి చిన్న శత్రువు? ఫంగస్. సన్నటి బూజు తీగ, కటకాల మధ్య సాలెగూడులా అల్లుకుంటుంది. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో తేమ దీనికి పండగ. కోఠి గుజరాతీ గల్లీలో పాత లెన్సు కొనేటప్పుడు మావాళ్లు చేసే మొదటి పని ధర అడగడం కాదు. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, లెన్సును ఏటవాలుగా తిప్పుతూ చూడటం. తీగ కనిపించిందా, పక్కన పెట్టేయడమే. శుభ్రమైనది దొరికితే గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో కాపురం.

ఇన్ని పాత లెన్సులు ఈనాటి కెమెరాల మీద ఎలా కూర్చుంటున్నాయి? అద్దం పోవడం వల్ల! 1949లో కాంటాక్స్-ఎస్‌తో వచ్చిన 42 మి.మీ. మరల లెన్సుకు ఫిల్ము 45.46 మి.మీ. వెనక ఉండాలి. మధ్యలో అద్దం ఊగాలి కదా. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దం లేదు. 2013లో వచ్చిన సోనీ ఎ7లో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. మిగిలిన 27.46 మి.మీ. ఖాళీని ఉత్త గొట్టం లాంటి అడాప్టర్ నింపేస్తుంది. లోపల గాజు లేదు, కరెంటు లేదు. పైగా స్పష్టంగా ఉన్న అంచులకు కెమెరా తెరమీద ఎర్రరంగు పూసి మరీ చూపిస్తుంది. తాతల కాలపు లెన్సుకు ఇంత సుఖం దాని యవ్వనంలో కూడా లేదు.

అడాప్టర్లలో మహా పల్చటిది ఒకటి లైకా వారిది. 1931 నాటి మరల లెన్సులకు కావలసిన దూరం 28.8 మి.మీ. 1954లో ఎం3 కెమెరా తెచ్చినప్పుడు ఇంజినీర్లు కావాలనే దాన్ని 27.8కి కుదించారు, పాత లెన్సులున్నవాళ్లు నష్టపోకూడదని. తేడా సరిగ్గా 1 మి.మీ. ఆ మందాన ఒక రింగ్ బిగిస్తే చాలు, 1931 నాటి లెన్సు 2022లో వచ్చిన లైకా ఎం11 మీద ఫోకస్‌తో సహా పనిచేస్తుంది. 91 ఏళ్ల ఎడానికి 1 మిల్లీమీటరు!