పాత పంపా, కొత్త సెన్సరా? సూరత్ డీజిల్ పికప్‌ల లెక్క

సూరత్‌లో బట్ట ఒకచోట నిలవదు. మగ్గం నుంచి దిగిన గ్రే బట్ట పాండేసరా, సచిన్ వైపు ఉన్న రంగుల మిల్లులకు పోవాలి. రంగు, ప్రింటు పడ్డాక రింగ్ రోడ్డు మార్కెట్లకు రావాలి. అక్కడ మూటలు కట్టాక ట్రాన్స్‌పోర్టు గోదాములకు చేరాలి. ఈ తిరుగుడులో పెద్ద భాగం చిన్న డీజిల్ పికప్‌లదీ, టెంపోలదే. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎంతోమందికి ఈ బట్టే బతుకు.

బండి కొనాలనుకునే వారి ముందు ఇప్పుడు ఒక ప్రశ్న ఉంది. పంపుతో నడిచే పాత బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనాలా? అప్పు చేసి కంప్యూటర్‌తో నడిచే కొత్త బండి తీసుకోవాలా? షోరూమ్‌లో మాత్రం ఈ ఎంపిక లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త వాహనాలకు బీఎస్-6 ప్రమాణాలు తప్పనిసరి. ఆ హద్దుల్లో పొగను ఉంచడం పాత తరహా పంపు వల్ల కాదు. కాబట్టి పోటీ పాత బండికీ కొత్త బండికీ మధ్యనే. ఇందులో ఏది లాభమో తెలియాలంటే ముందు రెండూ డీజిల్‌ను ఎలా కాలుస్తాయో చూడాలి.

గవర్నర్‌కు తెలిసింది ఒక్కటే

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. నొక్కిన గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు డీజిల్‌ను తుంపరగా చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. జర్మన్ ఇంజినీర్ రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపించిన సూత్రం ఇదే. డీజిల్‌ను ఎప్పుడు, ఎంత, ఎంత సన్నగా చిమ్మాలన్నదే అప్పటి నుంచీ ఇంజినీర్ల ముందున్న అసలు సమస్య.

పాత ఇంజిన్లలో ఆ పని ఇంజెక్షన్ పంపు చేసేది. బాష్ సంస్థ 1927లో ఇలాంటి పంపుల భారీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇంజిన్ తిరుగుతుంటే పంపు కూడా తిరిగి, ఒక్కో సిలిండర్ వంతు వచ్చినప్పుడు డీజిల్‌ను నాజిల్‌కు తోస్తుంది. ఎంత తోయాలో గవర్నర్ చూసుకుంటుంది. ఇంజిన్ వేగం పెరిగితే గవర్నర్‌లోని చిన్న బరువులు బయటికి జరిగి డీజిల్‌ను తగ్గిస్తాయి, వేగం తగ్గితే లోపలికి వచ్చి పెంచుతాయి. ఇందులో కంప్యూటర్ లేదు, వైర్లు దాదాపు లేవు. చేతికి అలవాటైన మెకానిక్ రోడ్డు పక్కనే చాలా మరమ్మతులు చేయగలడు.

దీని బలమూ బలహీనతా ఒకచోటే ఉన్నాయి. గవర్నర్‌కు తెలిసింది వేగం ఒక్కటే. ఎంత గాలి లోపలికి వచ్చిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, ఇంజిన్ ఎంత వేడెక్కిందో దానికి తెలియదు. బరువు లాగడం లేదని పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే బండికి ఊపు వస్తుంది. దాంతోపాటే నల్లటి పొగా వస్తుంది. గాలి చాలక సగం కాలిన డీజిలే ఆ పొగ. యజమాని డబ్బు పెట్టి కొన్నదే అలా గొట్టంలోంచి పోతోంది.

ఒత్తిడిలో సిద్ధంగా ఉండే ఇంధనం

కొత్త ఇంజిన్లలో కామన్ రైల్ పద్ధతి ఉంటుంది. ఇక్కడ రైల్ అంటే దళసరి ఉక్కు గొట్టం. పంపు ఈ గొట్టాన్ని ఎప్పుడూ తీవ్రమైన ఒత్తిడిలో డీజిల్‌తో నింపి ఉంచుతుంది. సిలిండర్లన్నిటికీ ఇంధనం అక్కడి నుంచే అందుతుంది. ఇంజెక్టర్‌ను తెరిచేది, మూసేది విద్యుత్ సంకేతం. 1997లో కార్లలోకి వచ్చినప్పుడు ఈ పీడనం దాదాపు 1,350 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 1,350 రెట్లు. నేడు 2,000 బార్లు దాటిన వ్యవస్థలూ ఉన్నాయి. పాత పంపుల్లో ఇది సాధారణంగా కొన్ని వందల బార్లు. ఒత్తిడి పెరిగేకొద్దీ తుంపర సన్నబడుతుంది, గాలితో బాగా కలుస్తుంది, పూర్తిగా కాలుతుంది.

ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరిగితే ఒక చుట్టుకు పట్టే కాలం 20 మిల్లీసెకన్లు. అందులోని చిన్న వాటాలోనే కంప్యూటర్ డీజిల్‌ను రెండు, మూడు విడతలుగా చిమ్మించగలదు. ముందు కొద్దిగా చిమ్మితే మంట మెల్లగా అంటుకుంటుంది, పాత డీజిల్ బండ్ల టకటక శబ్దం తగ్గుతుంది. గాలి పరిమాణం, ఉష్ణోగ్రత, పెడల్ స్థానం, రైల్ ఒత్తిడి వంటివి సెన్సర్లు నిరంతరం చెబుతుంటాయి. గాలి తక్కువైతే కంప్యూటర్ డీజిల్‌ను కూడా తగ్గిస్తుంది.

కనిపించే పొగ, కనిపించని పొగ

డీజిల్ పొగలో రెండు ప్రధాన సమస్యలున్నాయి. గాలి చాలకపోతే మసి వస్తుంది. మంట మరీ వేడిగా ఉంటే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు ఏర్పడతాయి. ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరగడం డీజిల్ ఇంజిన్ స్వభావం. అందుకే పొగ కనిపించని పాత బండి శుభ్రమైనదని అనుకోలేం. కాలుష్య ధ్రువపత్రం కోసం డీజిల్ బండ్లకు చేసే పరీక్ష పొగ నలుపును కొలుస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు.

డీజిల్ కార్లకు బీఎస్-4లో కిలోమీటరుకు 0.25 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లను అనుమతిస్తే, బీఎస్-6లో అది 0.08కి తగ్గింది. మసి కణాల హద్దు 0.025 నుంచి 0.0045 గ్రాములకు దిగింది. పికప్‌లకు హద్దులు బరువును బట్టి మారినా దిశ ఇదే. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో నిర్ధారించింది. ఆ పొగను ముందుగా పీల్చేది బండి వెనక నిలబడి మూటలెత్తే హమాలీలు, పక్క దుకాణంలో కూర్చున్నవాళ్లు.

కొత్త ఇంజిన్ ఎక్కడ ఇబ్బంది పెడుతుంది?

మొదటిది ఇంధనం. కామన్ రైల్ ఇంజెక్టర్లలో కదిలే భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే. నీరు, దుమ్ము, కల్తీ ఉన్న డీజిల్‌ను పాత పంపు కొంతకాలం ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు. బయోడీజిల్ పేరుతో చౌకగా దొరికే ఊరూపేరూ లేని నూనె పోస్తే, లీటరుకు మిగిలిన పది రూపాయలు ఇంజెక్టర్ల ఖర్చులో కొట్టుకుపోతాయి.

రెండోది మసి ఫిల్టర్. ఇందులో పేరుకున్న మసిని కాల్చడానికి 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. దానికి బండి కొంతసేపు ఆగకుండా ఒకే ఊపులో నడవాలి. మార్కెట్ నుంచి మార్కెట్‌కు రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగే బండిలో ఆ వేడి పుట్టదు. ఫిల్టర్ నిండి దీపం వెలుగుతుంది. అప్పుడు ఇంజిన్ ఆపేయకుండా, ఖాళీ రోడ్డు మీద బండి పుస్తకంలో చెప్పినట్టు నడపాలి. వరుసగా పట్టించుకోకపోతే వర్క్‌షాపుకు పోక తప్పదు.

మూడోది నీరు. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. గట్టి వానలకు ఖాడీలు పొంగి లింబాయత్ వైపు నీళ్లు రావడమూ ఉంది. గాలి గొట్టం ద్వారా నీరు సిలిండర్‌లోకి చేరితే పాత ఇంజినైనా, కొత్తదైనా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీటిని నొక్కి కుదించలేం కదా! కొత్తదానిలో వైర్ల కనెక్టర్లు తుప్పు పట్టే బెడద అదనం. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా లాక్కుని వెళ్లడమే రెండింటికీ మంచిది.

ఎవరికి ఏది?

ఉదాహరణకు పాత బండి లీటరుకు 12, కొత్తది 14 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు 90 రూపాయలు, ఏడాదికి 300 పనిదినాలు. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి మిగిలేది సుమారు 214 లీటర్లు, అంటే 19 వేల రూపాయలు. రోజుకు 150 కిలోమీటర్లయితే దాదాపు 536 లీటర్లు, 48 వేల రూపాయలు. మొదటి లెక్కలో ఆ మిగులు కొత్త బండి వాయిదాలకు ఏ మూలకూ చాలదు. రెండో లెక్కలో అది వాయిదాలకు గట్టి ఆసరా.

కాబట్టి రోజూ దూరం పోయే బండికి, హైవే పని ఉన్నవారికి కొత్త ఇంజిన్ నప్పుతుంది. నగరంలోనే చిన్న చిన్న విడతలుగా తిరిగే బండికి కొత్త డీజిల్ కంటే సీఎన్‌జీ, విద్యుత్ బండ్లనూ లెక్కలోకి తీసుకోవడం మేలు. వాటిలో డీజిల్ మసి ఫిల్టర్ గొడవే ఉండదు. పాత బండే గతి అనుకుంటే పంపును బెంచి మీద సరిచేయించాలి, నాజిళ్లను పరీక్షించాలి, గాలి ఫిల్టర్‌ను సకాలంలో మార్చాలి, ఊపు కోసం స్క్రూ తిప్పవద్దని మెకానిక్‌కు గట్టిగా చెప్పాలి.

సూరత్‌కు ఈ విషయంలో ఒక అనుభవం ఉంది. 2019లో ఇక్కడి పరిశ్రమల చిమ్నీల నుంచి వచ్చే కణ కాలుష్యానికి మార్కెట్ ఏర్పాటు చేశారు. ఈ తరహా మార్కెట్ ప్రపంచంలో ఇదే మొదటిది. చిమ్నీకి మీటరు పెట్టి, వదిలిన ధూళికి ధర కట్టేసరికి అందులో చేరిన కర్మాగారాల ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గినట్టు పరిశోధకులు తేల్చారు. పాత పికప్ పొగ గొట్టానికి అలాంటి మీటరు లేదు. ఆ బండి చౌకగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. దాని ఖర్చులో కొంత భాగాన్ని వెనక మూటలెత్తే మనిషి ఊపిరితిత్తులు భరిస్తున్నాయి. బండి ధర, మైలేజి, మరమ్మతు రాసుకునే కాగితం మీద ఆ వరుసనూ చేర్చుకున్నాకే లెక్క పూర్తవుతుంది.