టెలివిజను పెట్టె ఏ గోడకు?

క్రొత్త టెలివిజను కొనదలచిన ఇంటిలో ముందుగా సాగునది అంగుళముల చర్చ. తండ్రి 32 చాలుననును. కొడుకు 55కు తగ్గరాదనును. తుదకు 43 దగ్గర సంధి కుదురును. అంగడివారు చెప్పు ఆ అంగుళములు తెర వెడల్పు కాదు, ఒక మూలనుండి ఎదుటి మూలకు కొలిచిన కర్ణము. 43 అంగుళముల తెర అడ్డముగా 37 అంగుళములకు కొంచెము మించును, నిలువున 21 అంగుళములుండును. ఈ లెక్క తెలిసినవారు గోడమీద సుద్దతో గీత గీసి, కుర్చీలో కూర్చుండి చూచుకొని, మరి అంగడికి పోవుదురు. అక్కడ మరియొక భ్రమ కాచుకొనియుండును. వరుసగా వెలుగు తెరలలో మిక్కిలి మెరయునదే మేలైనదిగా తోచును. అంగడి దీపముల నడుమ వెలవెలబోకుండుటకై ఆ వెలుగును హెచ్చుగా అమర్చియుందురు. ఇంటికి తెచ్చిన పిమ్మట దానిని తగ్గింపకున్న కన్నులు అలసిపోవును.

ఇన్ని విధముల పరీక్షించి కొన్నవారును తరచుగా వేసికొనని ప్రశ్న ఒకటి కలదు. ఈ పెట్టెను ఏ గదిలో, ఏ గోడకు పెట్టవలెను? వెలకంటెను, కొలతకంటెను ఇదియే పెద్ద ప్రశ్న. పెట్టె ఏ దిక్కున నున్నదో ఇంటివారి ముఖములన్నియు ఆ దిక్కునకే తిరుగును. ఆ ముఖములు ఒకచోట నుండునా, వేరువేరు గదులలో నుండునా అనునది ఆ గోడను బట్టి తేలును.

మన దేశమున టెలివిజను తొలుత ఇంటి వస్తువుగా రాలేదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగ ప్రసారములు మొదలైనప్పుడు, కొలదిపాటి పెట్టెలను నలుగురు కూడి చూచు చోట్ల నుంచిరి. తెలుగు పల్లెలకును అది అట్లే వచ్చినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్. 6 ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములను ఉద్దేశించి ప్రసారములు జరిగినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడియో పంచాయతీ ఇల్లో ఆ పెట్టెకు నెలవు. దాని ప్రక్కన పది అడుగుల వ్యాసముగల వలతీగ గొడుగు ఆకాశమువైపు నోరు తెరచి నిలిచెడిది. సాయంకాలము పనులు ముగించుకొని వచ్చినవారు నేలమీద కూర్చుండి సేద్యమును గూర్చి, ఆరోగ్యమును గూర్చి తెలుగున వినిరి, కనిరి. ఆ పెట్టె ఏ ఒక్కరిదియు కాదు. కనుకనే అందరిదియు నైనది.

1977లో హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము వెలసినది. 1982లో రంగులు వచ్చినవి. పట్టణములలో పెట్టె నెమ్మదిగా ముందుగదికి చేరినది. చెక్క పెట్టె, దానికి ప్రక్కలకు జరుగు తలుపులు, పైన కుట్టుపని చేసిన గుడ్డ. డాబామీద ఏంటెనా. గాలివాన వచ్చిన మరునాడు ఇంటి కుర్రవాడు పైకెక్కి దానిని త్రిప్పుచు, "వచ్చిందా?" అని కేక వేసెడివాడు. "కొంచెం ఇటు... ఆఁ, వచ్చింది! అయ్యో, పోయింది!" అని క్రిందినుండి జవాబు. బొమ్మ నిలిచిన క్షణమున వీధిలో సగము ఇండ్లకు ఆ వార్త తెలిసిపోయెడిది.

1987 జనవరి 25న రామానందసాగరు రామాయణము మొదలైనది. 1988 జులై 31 వరకు ఆదివారపు ఉదయములు ఆ కథకే చెల్లినవి. పెట్టె యున్న ఇంట పెద్దలకు కుర్చీలు, పిల్లలకు చాపలు, ఆలస్యముగా వచ్చినవారికి కిటికీ. హిందీ ఒక ముక్కయు రాని నాయనమ్మ, కథ తెలిసినది కనుక, బడిలో హిందీ చదువు మనుమనికి రాబోవు ఘట్టమును ముందే చెప్పెడిది. భాష వానిది, కథ ఆమెది; ఇద్దరును కలిసిననే గాని చూచుట పూర్తి కాలేదు.

ఆ దినములన్నియు బంగారు దినములే యనుట సత్యము కాదు. వచ్చినవారికి మంచినీళ్లు అందించి, వారు పోయిన పిమ్మట గది ఊడ్చుకొన్న ఇల్లాలికి ఆదివారపు విశ్రాంతి దక్కలేదు. గుమ్మము కడ నిలిచి చూచినవారిలో పనిమనిషి పిల్లలు నుండిరి. వారిని లోనికి పిలిచి కూర్చుండబెట్టిన ఇండ్లును కలవు, తలుపు వేసికొన్న ఇండ్లును కలవు. ఇంటి గుణము ఆ గుమ్మము కడ బయటపడినది.

పిమ్మట పెట్టె చవుకయైనది. 1995లో ప్రైవేటు తెలుగు ఛానెళ్లు వచ్చినవి. ఎవరి ఇంట వారికే పెట్టె యైనందున పొరుగువారు రావలసిన పని లేకపోయెను. తరువాత పడకగదికి రెండవ పెట్టె వచ్చినది. ఆ తరువాత ప్రతివాని అరచేతికి ఒక తెర వచ్చినది. నాటి బొమ్మను 625 గీతలతో సెకనుకు 25 మారులు వ్రాసెడివారు. నేటి 4కే తెరపై 83 లక్షలకు కొంచెము తక్కువగా చుక్కలు వెలుగును. బొమ్మ స్పష్టమగుచు వచ్చినది. దాని ముందు కూడినవారు మాత్రము తగ్గుచు వచ్చిరి.

మరియొక మార్పు కలదు. నాడు రాత్రి ప్రసారము ముగియగానే ఇల్లు నిద్రపోయెడిది. ముగింపు కేంద్రమువారు చెప్పెడివారు. నేడు ఒక భాగము ముగియకమునుపే తరువాతి భాగము తనంత తాను మొదలగును. కనుక ముగింపు చెప్పు భారము ఇంటివారిపై పడినది. భోజనవేళ పెట్టె మూయుట, పిల్లల పడకగదిలో దానికి చోటీయకుండుట, కూర్చున్నవారి కంటియెత్తున దానిని బిగించుట: ఇవి చిన్న నియమములే. కాని పెట్టె కొన్ననాడే పెట్టుకొనినగాని తరువాత నిలువవు.

అన్నిటికంటె జాగ్రత్త వలసినది వృద్ధుల విషయమున. క్రొత్త పెట్టె హాలుకు రాగానే పాతదానిని వెనుకగదిలో నాయనమ్మ మంచము నెదుట పెట్టుదురు. "ఆమెకు నచ్చినవి ఆమె చూసుకుంటుంది" అందురు. ఇది ప్రేమతో చేయు పనియే. కాని ఆ నాటినుండి ఆమె హాలులోనికి వచ్చుటకు కారణమొకటి తగ్గును, ఇంటివారు ఆ గదిలోనికి పోవుటకు కారణమొకటి తగ్గును. పెద్ద శబ్దముతో మ్రోగు ఆ పెట్టెను విని ఆమెకు కాలక్షేపమగుచున్నదని అందరును తృప్తి పడుదురు.

ఆమె ఒకప్పుడు మనుమని ప్రక్కన కూర్చుండి కథ చెప్పిన మనిషి. తెరమీద ఏమి జరుగుచున్నను ప్రక్కకు తిరిగి, "చూశావురా!" అనుట ఆమెకు అలవాటు. క్రొత్త పెట్టెకు గోడ వెదకునప్పుడు, దాని యెదుట ఆమె కుర్చీకి చోటున్నదో లేదో ముందుగా చూడవలెను. ఆ కుర్చీ ప్రక్కన మరియొక కుర్చీకి కూడ.