హోషేయ 3: సొంత మనిషినే మళ్ళీ కొనుక్కున్న ప్రవక్త

పోయిన వారం రాత్రి ఒంటిగంటకి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, చర్చికి వెళ్ళడం మానేసి రెండేళ్ళయింది. చేసినవన్నీ చెప్పుకోలేను. తిరిగొస్తే దేవుడు రానిస్తాడు సరే, ఇష్టంగా రానిస్తాడా?"

క్షమిస్తాడా అని అడగలేదు చూడండి, ఇష్టంగానా అని అడిగింది. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఈ ఎపిసోడ్ అందుకే.

ముందు "విమోచన" అనే మాట. చిన్నప్పటి నుంచి వినీ వినీ అది నాకు అర్థంలేని శబ్దం అయిపోయింది. అసలు అర్థం తెలిసింది గోల్డ్ లోన్ కౌంటర్ దగ్గర. నా బీటెక్ ఫీజుకి అమ్మ గాజులు తాకట్టు పెట్టింది. జాబ్ వచ్చాక విడిపించడానికి వెళ్ళాం. అసలు, వడ్డీ అంతా కట్టాలి. మన వస్తువుకి మనమే మళ్ళీ డబ్బు కట్టడమేంటి అని నాకు వింతగా అనిపించింది. అమ్మకి అనిపించలేదు. కొంగుతో తుడుచుకుని అక్కడే చేతికి వేసుకుంది. విమోచన అంటే అదే, విడిపించుకోవడం.

ఇప్పుడు హోషేయ దగ్గరికి వద్దాం. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దం, ఉత్తర ఇశ్రాయేలు రాజ్యం. ఈయన భార్య గోమెరు. పిల్లలు ముగ్గురు. రెండో పాప పేరు లోరూహామా, అంటే "జాలి పొందనిది". మూడోవాడు లోఅమ్మీ, "నా జనం కాదు". పిల్లలకి అలాంటి పేర్లేంటి అనుకుంటాం కదా. దేవుణ్ణి వదిలేసి బయలు వెంట పోయిన దేశానికి ఆ ఇల్లే ఒక నోటీస్ బోర్డు.

3వ అధ్యాయంలో దేవుడు హోషేయతో, వేరేవాడితో ఉన్న స్త్రీని వెళ్ళి ప్రేమించమంటాడు. అక్కడ పేరు లేదు గానీ ఆమె గోమెరే అని ఎక్కువమంది అర్థం చేసుకుంటారు, నేనూ అంతే. ఆయన 15 షెకెళ్ళ వెండి, కొన్ని బస్తాల యవలు ఇచ్చి ఆమెను కొనుక్కున్నాడు. నాణేలు కాదండోయ్, తూకం వేసిచ్చే వెండి, సుమారు 170 గ్రాములు. నిర్గమకాండం 21లో ఎద్దు పొడిచి దాసుడు చనిపోతే కట్టాల్సింది 30 షెకెళ్ళు. ఇది సరిగ్గా సగం. మిగతాది ధాన్యంతో సర్దాడేమో అని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. అదే నిజమైతే, చేతిలో డబ్బు చాలక ఇంట్లో గింజలు కూడా మోసుకెళ్ళిన మనిషి కనిపిస్తాడు నాకు. ఇష్టం లేనివాడు అంత దూరం వెళ్తాడా?

ఒక్క నిమిషం, ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్ళకి ఈ కథ చూపించి "ఓర్చుకో" అనేవాళ్ళున్నారు. అది తప్పు. ఇక్కడ ఖర్చు పెట్టుకుంది గాయపడ్డవాడు, తనంతట తాను. ఇంకొకరి మీద రుద్దే రూల్ కాదిది.

ఇంకో విషయం. "రూహామా" వెనకున్న హీబ్రూ మాట, "గర్భం" అనే మాట ఒకే కుటుంబానివి. అంటే ఈ జాలి పైనుంచి విసిరే చిల్లర కాదు, అమ్మ కడుపులో కదిలేది. 11వ అధ్యాయంలో దేవుడు పిల్లాడికి నడక నేర్పిన తండ్రిలా మాట్లాడతాడు, వదులుకోవాలంటే మనసు ఒప్పక విలవిల్లాడతాడు. అలాగని పర్యవసానాలు ఆగలేదు. క్రీ.పూ. 722 ప్రాంతంలో సమరియ అష్షూరు చేతిలో పడిపోయింది. ప్రేమ ఉంటే నష్టమే జరగదని హోషేయ చెప్పడు. ఆ నష్టం తర్వాత కూడా పిల్లల పేర్లు తిరగరాస్తానంటాడు దేవుడు.

కొత్త నిబంధనలో పేతురు తన మొదటి పత్రికలో ఈ రెండు దారాలూ పట్టుకున్నాడు. 1వ అధ్యాయంలో, మిమ్మల్ని విడిపించింది వెండి బంగారాలు కాదు, క్రీస్తు రక్తం అంటాడు. 2వ అధ్యాయంలో, ఒకప్పుడు జనం కాని మీరు ఇప్పుడు దేవుని జనం, జాలి పొందినవాళ్ళు అంటాడు. లోఅమ్మీ, లోరూహామా పేర్లే అవి, "లో" తీసేసి.

చెల్లికి ఆ రాత్రి ఇదంతా టైప్ చేయలేదు. హోషేయ 3 పంపాను, ఐదే వచనాలు. "15 షెకెళ్ళంటే ఎంతన్నా?" అని పొద్దున రిప్లై వచ్చింది.