సాంటా ఫే ఎరుపు

అమెరికాలో ఆవిరి ఇంజన్లు చాలావరకు నల్లగానే ఉండేవి. మసిలో వేరే రంగు వేసినా ఎన్నాళ్లో నిలిచేది కాదు. 1930లలో డీజిల్ వచ్చాక యంత్రమంతా నున్నటి రేకు తొడుగు లోపలికి వెళ్లింది. రంగు వేయడానికి వెడల్పాటి పక్కలు దొరికాయి. జనరల్ మోటార్స్ వారి ఎలక్ట్రో-మోటివ్ సంస్థ ఇంజనుతో పాటు దాని రంగుల నమూనాను కూడా తన చిత్రకారులతో గీయించి రైలు కంపెనీల ముందు పెట్టేది.

ఆ చిత్రకారుల్లో ఒకరు లీలాండ్ నికర్‌బాకర్. షికాగో-లాస్ ఏంజెలెస్ మధ్య నడిచిన సాంటా ఫే రైల్వే వారి సూపర్ చీఫ్ రైలు కోసం 1937లో ఆయన గీసిన 'వార్‌బానెట్'ను మించిన రైలు రంగు నేను చూడలేదు. ముక్కంతా ఎరుపు. అది పక్కలకు పాకి, పసుపు, నలుపు గీతల అంచుతో వంపు తిరిగి వెనక్కి సాగుతుంది. మిగతాదంతా వెండి మెరుపు. పెట్టెలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే కావడంతో ఇంజను వాటితో ఇట్టే కలిసిపోయేది. అమెరికా ఆదివాసుల ఈకల తలపాగా దీనికి ప్రేరణ. అయితే ఆ తలపాగా మైదాన ప్రాంతపు తెగలది, కంపెనీ ప్రకటనల్లో తరచూ కనిపించిన న్యూ మెక్సికో ప్యూబ్లో ప్రజలది కాదు. ఈ తేడాను విస్మరించడం అన్యాయమే. చిత్రకారుడి నైపుణ్యాన్ని మాత్రం కాదనలేం: గుండ్రటి ముక్కు ఎక్కడ వంగుతుందో రంగూ అక్కడే వంగుతుంది.

సరుకు రైళ్ల ఇంజన్లకు నీలం, పసుపు వేసేవారు. 1971లో ప్రయాణికుల రైళ్లు ఆమ్‌ట్రాక్ అనే జాతీయ సంస్థ చేతికి పోయాక ఎరుపు-వెండికి పని లేకపోయింది.

1983లో సాంటా ఫే, సదరన్ పసిఫిక్ రైల్వేల మాతృసంస్థలు ఒకటయ్యాయి. రైల్వేలను కలపడానికి మాత్రం ప్రభుత్వ కమిషన్ అనుమతి కావాలి. అది తప్పక వస్తుందన్న ధీమాతో, రాకముందే వందల ఇంజన్లకు ఎరుపు, పసుపు, నలుపు వేసేశారు. కోడాక్ ఫిల్ము డబ్బా రంగుల్లా ఉన్నాయని రైలు అభిమానులు వాటిని కోడాక్రోమ్ అన్నారు. ఒక కంపెనీ ఇంజన్ల మీద 'ఎస్‌పి', రెండోదాని మీద 'ఎస్‌ఎఫ్' అని మాత్రమే రాసి, మిగతా రెండు అక్షరాలకు చోటు వదిలారు. 1986 జులైలో కమిషన్ విలీనాన్ని తిరస్కరించింది. ఆ ఖాళీలు నిండనే లేదు.

విలీనం చెడ్డాక తన పేరు, పరువు మళ్లీ నిలబెట్టుకోవాల్సిన సాంటా ఫే, అధ్యక్షుడు మైక్ హావర్టీ హయాంలో 1989లో వార్‌బానెట్‌ను తిరిగి తెచ్చింది. ఈసారి కంటైనర్లు, ట్రెయిలర్లు మోసే వేగవంతమైన సరుకు రైళ్ల కోసం. కొత్త ఇంజన్ల ముక్కు పలకలు పలకలుగా ఉన్నా ఆ వంపు నిలిచింది. ప్రయాణికుల్ని రప్పించడానికి పుట్టిన రంగు ఇప్పుడు సరుకు పంపే వ్యాపారుల్ని పిలిచింది.

1995లో బర్లింగ్టన్ నార్తర్న్ రైల్వేతో కలిసి బిఎన్‌ఎస్‌ఎఫ్ అయ్యాక నారింజ రంగుదే పైచేయి. అయినా ఎరుపు వెంటనే పోలేదు. రంగు వేయడమంటే ఇంజనును పని మాన్పించి వర్క్‌షాపులో నిలబెట్టడమే. అందుకే చాలా ఇంజన్లకు పేరు, నంబరు మాత్రమే మార్చి, పాత రంగుతోనే ఏళ్ల తరబడి నడిపారు.